ఆన్‌ఫీల్డ్ సీటు: బావ లెక్క, బావమరిది లెక్క

2016 ఫిబ్రవరి 6. ఆన్‌ఫీల్డ్ మైదానంలో లివర్‌పూల్ జట్టు సండర్లాండ్ మీద 2-0తో ముందుంది. గడియారం 77వ నిమిషం చూపించగానే సుమారు పదివేల మంది సీట్లు వదిలి బయటికి నడిచారు. ఆట బాగోలేక కాదు. కొత్తగా కడుతున్న మెయిన్ స్టాండ్‌లో వచ్చే సీజన్ నుంచి టికెట్ గరిష్ఠ ధర 77 పౌండ్లని క్లబ్ అంతకు కొద్దిరోజుల ముందే ప్రకటించింది. ఆ అంకెకు ఈ నిమిషంతో జవాబిచ్చారు. వాళ్లు గేటు దాటాక సండర్లాండ్ రెండు గోల్స్ కొట్టి 2-2తో బయటపడింది. వారం తిరక్కుండానే యజమానులైన ఫెన్‌వే స్పోర్ట్స్ గ్రూప్ క్షమాపణ చెప్పి, 77 పౌండ్ల టికెట్‌ను రద్దు చేసి, పై ధరను పాత 59 దగ్గరే ఉంచి, రెండు సీజన్ల పాటు రేట్లు కదల్చబోమని మాట ఇచ్చింది.

లివర్‌పూల్‌లో స్థిరపడిన ఒక గుంటూరు డాక్టరు గారింట్లో ఆ మధ్యాహ్నం మీద వాదన ఇంకా తెగలేదు. ఆరోజు లేచి వెళ్లినవాళ్లలో డాక్టరు ఒకరు. ఎదుటి పక్షం ఆయన బావమరిది. లండన్‌లో చార్టర్డ్ అకౌంటెంట్. ఇతను ఆట పెద్దగా చూడడు గానీ క్లబ్బుల వార్షిక లెక్కలు మాత్రం నవల చదివినట్టు చదువుతాడు. సెలవులకు వచ్చిన ప్రతిసారీ కదిపేదీ అతనే.

"పదివేల మంది లేచి వెళ్లారు, బాగానే ఉంది బావా. తర్వాతి మ్యాచ్‌కి మళ్లీ మీరే వచ్చి కూర్చున్నారుగా? ఖరీదెక్కువని అలిగినవాడు పక్క కొట్టుకు పోతాడు. మీరు పోలేదు. అంటే ఆ సీటు మీకు 77 కన్నా ఎక్కువే చేస్తుందన్నమాట."

"పక్క కొట్టు ఎక్కడుందిరా? లివర్‌పూల్ రేటు పెంచిందని ఇదే ఊరి ఎవర్టన్‌కి చప్పట్లు కొట్టమంటావా? ఈ ఊళ్లో అంతకన్నా పెళ్లాన్ని మార్చుకోవడం తేలిక."

"అక్క వింటోంది."

"విననీ. నే చెప్పేది అదే. మారే దారి లేనివాడి దగ్గర వసూలు చేసేదాన్ని మార్కెట్ ధర అనకూడదు. వాడు ఎంతైనా ఇస్తాడని తెలిసి అడిగే ధర అది."

బావమరిది దీనికి నేరుగా జవాబివ్వడు. తనకు అలవాటైన చోటికి, అంకెల్లోకి, లాక్కెళతాడు. 2023-24లో లివర్‌పూల్ ఆదాయం 61.4 కోట్ల పౌండ్లు. అందులో జీతాలకే 38.6 కోట్లు పోయాయి. ఏడాది చివర పన్నుకు ముందు తేలింది 5.7 కోట్ల నష్టం. "ఇంత వసూలు చేసి నష్టంలో ఉన్న కొట్టు మిమ్మల్ని దోచుకుంటోందని ఎట్లా అంటారు? పైగా అప్పటికి ప్రీమియర్ లీగ్ పెట్టిన షరతు ఉంది, మూడేళ్లలో నష్టం 10.5 కోట్లు దాటకూడదని. నష్టాల నిబంధన తప్పినందుకు 2023-24లో ఎవర్టన్‌కు మొత్తం 8 పాయింట్లు, నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు 4 పాయింట్లు కోశారు. టీవీ డబ్బు లీగ్ చేతిలో ఉంది, స్పాన్సరు ఎదుటివాడి దయ. క్లబ్ తన చేత్తో తాను పెంచుకోగలిగింది గేటు వసూలే. ఆన్‌ఫీల్డ్‌లో మ్యాచ్ రోజు ఆదాయం ఆ ఏడాదే 10 కోట్లు దాటింది. దాన్ని వదులుకోమంటారా?"

డాక్టరు గారు కాగితం తీసుకున్నారు. ఆన్‌ఫీల్డ్ రోడ్ స్టాండ్ విస్తరణ తర్వాత సీట్లు 61 వేలు. సొంత మైదానంలో ఆడే లీగ్ మ్యాచ్‌లు 19. గుణిస్తే పదకొండు లక్షల అరవై వేలకు ఓ వెయ్యి తక్కువ. అంటే ప్రతి సీటు మీదా ఒక్క పౌండు పెంచితే ఏడాదికి వచ్చేది సుమారు 11.6 లక్షల పౌండ్లు. 2024-25కి క్లబ్ సీజన్ టికెట్లను 2 శాతం పెంచింది. పెంచాక అవి 713 నుంచి 904 పౌండ్ల మధ్య ఉన్నాయి. మ్యాచ్‌కి సగటున 42 పౌండ్లనుకుందాం. అందులో 2 శాతం 84 పెన్నీలు. స్టేడియంలో అందరూ మామూలు సీట్లలోనే కూర్చున్నారనుకున్నా ఏడాది మొత్తం మీద పెరిగింది పది లక్షల పౌండ్లకు లోపే.

"అదే సీజన్లో లీగ్ గెలిచిన లివర్‌పూల్‌కు ప్రీమియర్ లీగ్ నుంచి మొత్తం వచ్చింది 17.49 కోట్లు. ఆ తర్వాతి వేసవిలో న్యూకాజిల్ నుంచి స్ట్రైకర్ ఇసాక్‌ను తెచ్చుకోవడానికి పెట్టింది 12.5 కోట్లు. నా మీద పెంచిన 84 పెన్నీలు ఇసాక్ కుడికాలి బూటుకైనా చాలతాయా?"

"చాలవు. మరి మీకు పోయిందెంత? సీజన్ టికెట్ మీద ఏడాదికి 14 పౌండ్లు. నెలకు పౌండు చిల్లర. క్లబ్బుకు లెక్కలోకి రాని సొమ్మయితే మీకూ లెక్కలోకి రాకూడదుగా?"

దెబ్బ తగిలింది. ఒక్క ఏడాది పెంపును విడదీసి చూస్తే అది ఎప్పుడూ చిన్నగానే కనిపిస్తుంది, క్లబ్బుల ప్రకటనలు నిలబడేదీ దానిమీదే. 2025-26కి లివర్‌పూల్ రేట్లు పెంచలేదు కూడా. అందుకే డాక్టరు గారు ముప్పై అయిదేళ్లు వెనక్కి వెళ్లారు.

1989-90లో కాప్ స్టాండ్‌లో నిలబడి మ్యాచ్ చూడటానికి 4 పౌండ్లు. సీజన్ మొత్తానికి 60. ఆ తర్వాత బ్రిటన్‌లో ధరలు మూడు రెట్లకు కాస్త పైగా పెరిగాయనుకుందాం. ఆ లెక్కన 60 పౌండ్ల టికెట్ 2024-25లో 200 దాటకూడదు. 713 అయింది. "నేను డాక్టర్ని, కట్టుకుంటాను. 2024లో ఈ దేశంలో కనీస వేతనం గంటకు 11.44. మా వార్డులో పనిచేసే కుర్రాడు ఆ టికెట్ కొనాలంటే 62 గంటలు పనిచేయాలి, పన్ను సంగతి పక్కన పెట్టినా. వాళ్ల తాత కాప్‌లో నిలబడి చూశాడు, నాన్న నిలబడి చూశాడు. వీడు పబ్బులో టీవీ ముందు."

"ఆ నాలుగు పౌండ్ల రోజుల్లో స్టేడియంలో ఏముండేది బావా? కంచెలు, విరిగిన మెట్లు. హిల్స్‌బరో మీకు నేను చెప్పాలా? ప్రతివాడికీ సీటు, పైకప్పు, కెమెరాలు, భద్రత, ఇవన్నీ ఊరికే రావు. అప్పటి టికెట్ వేరే సరుకు, ఇప్పటిది వేరే."

లివర్‌పూల్‌లో ఈ పేరు తేలిగ్గా ఎత్తరు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో జరిగిన తొక్కిసలాటకు 97 మంది లివర్‌పూల్ అభిమానులు బలయ్యారు. తప్పు అభిమానులదేనని ఏళ్ల తరబడి ప్రచారం జరిగింది. 2016 ఏప్రిల్‌లో విచారణ జ్యూరీ అభిమానుల తప్పేమీ లేదని, ఆ మరణాలు చట్టవిరుద్ధంగా జరిగిన హత్యలని తేల్చింది. దుర్ఘటన మీద నియమించిన జడ్జి లార్డ్ టేలర్ 1990 జనవరిలో ఇచ్చిన తుది నివేదికే పెద్ద స్టేడియాల్లో నిలబడే చోట్లను తీసేసి అందరికీ సీట్లు వేయాలని చెప్పింది.

"నివేదికను సగం చదివి ఆపావు," అన్నారు డాక్టరు గారు. "సీట్ల పేరుతో రేట్లు పెంచుతారని టేలర్‌కు అప్పుడే తెలుసు. నిలబడి చూసేవాడి జేబుకు అందేట్టే చవక సీట్ల ధర పెట్టవచ్చని రాశాడు. ఉదాహరణ కూడా ఇచ్చాడు. గ్లాస్గోలో రేంజర్స్ మైదానం ఐబ్రాక్స్‌లో కూర్చుంటే 6 పౌండ్లు, నిలబడితే 4. సీటుకూ నేలకూ తేడా రెండు పౌండ్లు. ఆయన మాటల్లో సీట్ల మాట అమలైంది. ధర మాట కాగితం మీదే ఉండిపోయింది."

వాదన మొత్తంలో డాక్టరు గారి పక్షం అన్నిటికన్నా గట్టిగా నిలబడే చోటు ఇదే. భద్రతకు ఖర్చయిన మాట నిజం. ఆ ఖర్చులో కొంత ప్రభుత్వమూ భరించింది. 1992లో ప్రీమియర్ లీగ్ పుట్టాక టీవీ డబ్బు వరదలా వచ్చింది. స్టేడియం ఖర్చుకు అభిమాని జేబే దిక్కనే రోజులు అంతటితో పోయాయి. ధరలు మాత్రం టీవీ డబ్బుతో పోటీపడి మరీ పెరిగాయి. 2022-23లో లీగ్‌లోని ఇరవై క్లబ్బుల ఆదాయం కలిపి 600 కోట్ల పౌండ్లు దాటితే అందులో మ్యాచ్ రోజు వసూళ్లు ఏడో వంతు. ఆ ఏడో వంతులోనూ ఖరీదైన ఆతిథ్య బాక్సుల వాటా తీసేస్తే మామూలు అభిమాని ఇచ్చేది ఇంకా తగ్గుతుంది.

బావమరిది ఇక్కడ మన ఊరిని రంగంలోకి దింపాడు. "ధర మీద గట్టిగా పగ్గం వేస్తే ఏమవుతుందో మనం చూడలేదా? 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సినిమా టికెట్ల మీద జీవో ఇచ్చింది. పంచాయతీ ఊళ్లలో ఏసీ లేని హాల్లో నేల టికెట్ అయిదు రూపాయలు. ఆ డిసెంబరుకల్లా ఎన్నో హాళ్లు తాళాలు వేసుకున్నాయి. 2022 మార్చిలో రేట్లు సవరిస్తూ మళ్లీ జీవో ఇవ్వక తప్పలేదు. చవక అని మీరు సంతోషిస్తారు, హాలు మూతపడుతుంది."

"ఆ హాలువాడికి టికెట్ తప్ప వేరే రాబడి లేదురా. లివర్‌పూల్‌కు గేటు కాక మిగతా దారుల్లోనే 50 కోట్ల పౌండ్లు వస్తున్నాయని లెక్క చదివింది నువ్వే. పైగా జీవో ఎవరడిగారు? జర్మనీలో ఏ జీవో ఉంది?"

జర్మనీ మాట రాకుండా ఇంగ్లండ్‌లో ఈ చర్చ సాగదు. అక్కడ క్లబ్‌లో సగానికి పైన ఓటు హక్కు సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం 1998 నుంచి నడుస్తోంది. అక్కడి పై శ్రేణి లీగ్ బుండెస్‌లిగా మ్యాచ్‌ల సగటు హాజరు 38 వేలకు పైమాటే. డార్ట్‌మండ్‌లో ఒక్క దక్షిణ స్టాండ్‌లోనే 24 వేలకు పైగా జనం నిలబడి చూస్తారు. చాలా క్లబ్బుల్లో మ్యాచ్ టికెట్ చూపిస్తే ఊళ్లో బస్సూ రైలూ ఉచితం. బయర్న్ మ్యూనిక్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఉలి హోనెస్ ఒక లెక్క చెప్పాడు. నిలబడే సీజన్ టికెట్‌ను అప్పటి 104 పౌండ్ల నుంచి 300 చేస్తే క్లబ్బుకు అదనంగా వచ్చేది 20 లక్షల పౌండ్లు. ఆటగాణ్ని కొనే బేరంలో అంత సొమ్ము గురించి అయిదు నిమిషాలు వాదించుకుంటాం, అభిమానికి మాత్రం ఆ తేడా చాలా పెద్దదన్నాడు.

"చక్కటి మాట. 2013 నుంచి 2023 దాకా వరసగా పదకొండు సార్లు కప్పు ఒక్క బయర్న్‌కే పోయిన లీగ్ అది," అన్నాడు బావమరిది. "చవక సీటులో కూర్చుని, గెలిచేదెవరో ముందే తెలిసిన ఆట చూస్తారా?"

"ఖరీదైన సీటు గెలుపునేమైనా తెచ్చిందా? 2024-25 పట్టిక చూడు. సీజన్ మధ్యలో సభ్యుల టికెట్‌ను 66 పౌండ్లు చేసి, పిల్లలకూ ముసలివాళ్లకూ రాయితీ ఎత్తేసిన మాంచెస్టర్ యునైటెడ్ పదిహేనో స్థానం. అతి చవక సీజన్ టికెట్టే 856 పౌండ్లున్న టాటెన్‌హామ్ పదిహేడు."

"టాటెన్‌హామ్ అదే ఏడాది యూరోపా లీగ్ గెలిచింది."

"ఎవరి మీద? ఆ పదిహేనో స్థానం వాళ్ల మీదే కదా."

ఈ సరదా కాసేపు నడిచింది. దాన్ని దాటి బావమరిది వేసిన ప్రశ్నకు మాత్రం డాక్టరు గారి దగ్గర సూటి జవాబు లేకపోయింది.

"సరే, రేటు సగం చేశారనుకుందాం. లాభం ఎవరికి? ఇప్పటికే సీజన్ టికెట్ చేతిలో ఉన్న మీకు. వరసలో నిలబడ్డ మీ వార్డు కుర్రాడికి కాదు. చవకైన కొద్దీ పాత టికెట్ ఎవడూ వదులుకోడు. మీకు డ్యూటీ పడ్డ రోజు మీ సీటు ఖాళీగానో, మీ స్నేహితుడి చేతిలోనో ఉంటుంది. ధర తగ్గిస్తే టికెట్ వరసలో ముందున్నవాడికి దొరుకుతుంది, పేదవాడికి దొరుకుతుందని ఎవరన్నారు?"

అతను చెప్పింది నిజం. చవక ధర కోసం పోరాడే చాలామంది ఈ ప్రశ్నను తప్పించుకుంటారు. ఆన్‌ఫీల్డ్‌లో సీజన్ టికెట్ నిరీక్షణ జాబితా ఎంత పొడవంటే అందులో పేరున్నవాళ్లకు సొంతంగా పిల్లలు పుట్టి పెద్దవాళ్లవుతున్నారు. బ్లాకులో అమ్ముకోవడం మాట వేరు. అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ తిరిగి అమ్మడం ఇంగ్లండ్‌లో 1994 చట్టం ప్రకారం నేరం. అయినా మన ఊళ్ల నుంచి వేసవిలో పిల్లల దగ్గరకొచ్చే తల్లిదండ్రుల్లో, మాస్టర్స్ చదవడానికి వచ్చిన కుర్రాళ్లలో, ఏదో సైట్లో మూడింతల ధరకు కొని ఆన్‌ఫీల్డ్ మెట్లెక్కినవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. వాళ్లను తప్పుపట్టలేం. జీవితంలో ఒక్కసారి చూసేవాడు ఎంతైనా ఇస్తాడు. ఏడాదికి పంతొమ్మిది సార్లు వచ్చేవాడికీ అదే ధర కట్టాలని చూస్తేనే గొడవ.

"అందుకే ధరతో పాటు నిబంధనా కావాలి," అన్నారు చివరికి డాక్టరు గారు. "ఇన్ని మ్యాచ్‌లకు రాకపోతే టికెట్ వెనక్కి తీసుకుంటామనాలి. కొన్ని క్లబ్బులు అంటున్నాయి కూడా. ఊళ్లో కుర్రాళ్లకు కొన్ని సీట్లు పక్కన పెట్టాలి. నేను వారం వారం రాలేకపోతే నా టికెట్ పోనీ."

"అక్కా, సాక్ష్యం నువ్వే."

రాయితీల దగ్గరకొచ్చేసరికి వాదన తలకిందులైంది. 65 దాటినవాళ్లకు ఇచ్చే సగం ధర రాయితీని ఏడాదికి కొంత చొప్పున 25 శాతానికి దించుతామని, 2025-26 నుంచి కొత్తగా వృద్ధుల సీజన్ టికెట్లు ఇవ్వబోమని టాటెన్‌హామ్ 2024లో ప్రకటించింది. వెస్ట్‌హామ్ అదే ఏడాది కొన్ని స్టాండ్లలో పిల్లల, వృద్ధుల రాయితీలు తీసేసి, అభిమానులు తిరగబడ్డాక వెనక్కి తగ్గింది. బావమరిది టాటెన్‌హామ్‌ను సమర్థించాడు. లండన్‌లో సొంత ఇల్లూ పింఛనూ ఉన్న అరవై ఆరేళ్లాయనకు సగం ధరేమిటి, జీతంలో సగం అద్దెకు కట్టే పాతికేళ్లవాడికి పూర్తి ధరేమిటి అని అతని ప్రశ్న. ప్రశ్న బాగుంది. జవాబు మాత్రం పాతికేళ్లవాడికి తగ్గించడం కావాలి. టాటెన్‌హామ్ ఆ పని చేయలేదు, ఇద్దరి దగ్గరా తీసుకుంది. పిల్లల రాయితీ తీసేయడాన్ని అతను కూడా సమర్థించలేకపోయాడు. పదేళ్ల పిల్ల స్టేడియంకు రావడం మానేస్తే ముప్పై ఏళ్లకు ఆ పిల్ల టికెట్ కొనదు, ఆ నష్టం ఏ ఏడాది బ్యాలెన్స్ షీటులోనూ కనపడదు.

యునైటెడ్ సహయజమాని జిమ్ రాట్‌క్లిఫ్ ఫుల్హామ్ మ్యాచ్ కన్నా తమ టికెట్ చవకగా ఉండటంలో అర్థం లేదన్నాడు. ఆ ఫుల్హామ్‌లోనే నది ఒడ్డు స్టాండ్‌లో సీజన్ టికెట్ 3,000 పౌండ్లకు చేరిందని అభిమానులు 2023 నవంబరులో పసుపు కార్డులు ఎత్తి చూపించారు. ఒకడి దుబారా ఇంకొకడికి కొలబద్ద అవుతోంది. 2024-25లో దాదాపు అన్ని క్లబ్బులూ రేట్లు పెంచేసరికి, ఒకరి మొహం ఒకరు చూడని లివర్‌పూల్, యునైటెడ్ అభిమానులు విధేయతను దోచుకోవడం ఆపమంటూ ఒకే బ్యానరు వెనక నిలబడ్డారు. మరుసటి సీజన్‌కు లివర్‌పూల్, మాంచెస్టర్ సిటీ రేట్లు కదల్చలేదు.

దిగువన వేరే దారి పట్టిన క్లబ్బులూ లేకపోలేదు. మూడో శ్రేణిలో ఆడుతూ బ్రాడ్‌ఫర్డ్ సిటీ 2015-16లో సీజన్ టికెట్ 149 పౌండ్లకు ఇచ్చి దాదాపు 18 వేలు అమ్మింది. హడర్స్‌ఫీల్డ్ టౌన్ 2017లో మొదటిసారి ప్రీమియర్ లీగ్‌కు ఎక్కినప్పుడు ముందుగా కొన్నవాళ్లకు 199, ఏళ్ల తరబడి వెంట ఉన్నవాళ్లకు 100 పౌండ్లకే సీజన్ టికెట్ ఇచ్చింది. రెండేళ్లకు 16 పాయింట్లతో అడుగున నిలిచి కింది శ్రేణికి జారిందని బావమరిది గుర్తు చేయక మానడు. జారిన కారణం టికెట్ ధర కాదని అతనికీ తెలుసు.

ఇప్పుడు చట్టం కూడా వచ్చింది. 2025 జులైలో ఆమోదం పొందిన ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టంతో స్వతంత్ర నియంత్రణ సంస్థ ఏర్పడింది. టికెట్ ధరల విషయంలో క్లబ్బులు అభిమానులను సంప్రదించాలి. ధర ఎంత ఉండాలో మాత్రం ఆ సంస్థ చెప్పదు. ఈ ఒక్క విషయంలో ఇద్దరికీ అసంతృప్తే. అడిగితే చాలంటే అడిగి పెంచుతారని డాక్టరు గారు, అడగడమే దండగ ఖర్చని బావమరిది.

వాళ్లిద్దరూ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఒక ఉదాహరణ కళ్ల ముందే ఉంది. ఆన్‌ఫీల్డ్‌లో జనం లేచి నడిచిన తర్వాతి నెలలో, 2016 మార్చిలో, ప్రీమియర్ లీగ్ క్లబ్బులు ఓటు వేసుకుని పొరుగూరి మ్యాచ్‌కు వెళ్లే అభిమాని టికెట్ 30 పౌండ్లు దాటకూడదని తీర్మానించాయి. ఏ ప్రభుత్వమూ చెప్పలేదు. 2025-26 సీజన్లోనూ ఆ 30 పౌండ్ల గీత అక్కడే ఉంది. దానివల్ల దివాలా తీసిన క్లబ్ లేదు. సొంతూరి మైదానంలో పిల్లలకూ, పాతిక లోపు వాళ్లకూ, 65 దాటినవాళ్లకూ ఇట్లాంటి గీతే గీయడానికి క్లబ్బులకు కావలసింది మరొక్క ఓటు.